ముందు తోక కట్టి చూడండి

ప్రశ్న: నా వయసు 47. వడ్రంగి పని సరదాగా నేర్చుకున్నాను, ఇంట్లో మంచాలు, బీరువాలు నేనే చేశాను. ఎగరాలన్న కోరిక చిన్నప్పటి నుంచీ ఉంది కానీ తయారైన విమానం కొనే స్తోమత లేదు. చెక్కతో ఇంట్లోనే కట్టుకునే ఒంటి సీటు అల్ట్రాలైట్ (బాగా తేలికైన చిన్న విమానం) కిట్లు ఉన్నాయని తెలిసినప్పటి నుంచి నిద్ర పట్టడం లేదు. చెక్కను నమ్మొచ్చా? కిట్ కొనకుండా ప్లాన్లు మాత్రం తెప్పించుకుని, కలప నేనే చూసుకుంటే ఖర్చు తగ్గుతుందా? మోటార్‌సైకిల్ ఇంజను పెట్టొచ్చా? నేను 6 అడుగుల మనిషిని, 88 కిలోలు, కాక్‌పిట్ ఓ రెండంగుళాలు పొడిగించుకోవచ్చా? నాకున్నది ఒక కారు పట్టే షెడ్డు. మా ఆవిడకు ఈ మాటెత్తితేనే టెన్షన్. “కట్టుకోండి, కానీ ఎక్కకండి” అంటోంది. – ఒక పాఠకుడు

జవాబు: మీ ఆవిడగారి మాటతోనే మొదలుపెడతాను, మీ ఉత్తరం మొత్తంలో నాకు బాగా నచ్చిన ముక్క అదే. కట్టడం ఒక సరదా, ఎగరడం ఇంకో సరదా, రెండూ ఒకే మనిషికి ఉండాలని రూలేమీ లేదు. షెడ్డులో రంపపు పొట్టు వాసన పీలుస్తూ రెండు మూడేళ్ల పాటు సాయంత్రాలన్నీ గడపడం మీకు ఇష్టమైతేనే కిట్ జోలికి వెళ్లండి. ఎగరడమే కావాలి, దాని కోసం ఈ కట్టే బాధేదో పడతాను అనుకుంటే మాత్రం వద్దు. ఎవరో కట్టి, ఎగరేసి, లోపాలు సరిచేసుకున్న సెకండ్ హ్యాండ్ విమానం వెతుక్కోండి, చాలాసార్లు విడిభాగాలకయ్యే ఖర్చు కన్నా తక్కువకే దొరుకుతుంది. సగం కట్టి వదిలేసిన కిట్లు దుమ్ము పట్టి పడి ఉంటాయి చూడండి, నేను చూసినంతలో అవన్నీ ఈ రెండో రకం మనుషులవే. మీరు బీరువాలు చేసిన మనిషి కాబట్టి మొదటి రకమే అనుకుని మిగతాది రాస్తున్నాను.

చెక్కను నమ్మొచ్చా అన్నారు. నమ్మొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాళ్ల మాస్కిటో బాంబర్ ఒళ్లంతా చెక్కే, దాని భాగాలు చేసింది చాలావరకు ఫర్నిచర్ పనివాళ్లే, అంటే మీ కులస్థులే అనుకోండి. దానికి చాలా ముందే అమెరికాలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే ఆయన చెక్కతో ఎయిర్ క్యాంపర్ కట్టి, 1929లో దానికి ఫోర్డ్ మోడల్-ఏ కారు ఇంజను పెట్టి ఎగరేశాడు. ఆ ప్లాన్లు చూసి ఇప్పటికీ జనం కడుతూనే ఉన్నారు. మంచి స్ప్రూస్ (చలిదేశాల్లో పెరిగే ఒక చెట్టు) కర్రకు బరువుతో పోల్చుకుంటే బలం బాగా ఎక్కువ, పైగా అల్యూమినియంలా అదేపనిగా వంగి వంగి అలసిపోయి పగిలే గుణం దానికి దాదాపు లేదు. దాని శత్రువు నీళ్లు. తేమ 20 శాతం దాటి అలాగే నిలిస్తే బూజు పట్టి కుళ్లు మొదలవుతుంది, అది కూడా చట్రం మీద చుట్టిన గుడ్డ కింద, మీకు కనపడని మూలలో. అందుకే లోపలంతా వార్నిష్ వేస్తారు, నీరు చేరే ప్రతి గదికీ అడుగున చిన్న బెజ్జం పెడతారు. ఈ బెజ్జాలు మర్చిపోయే వాళ్లు ఎంతమందో చెప్పలేను.

ఇక కాక్‌పిట్ పొడిగించే సంగతి. ఇక్కడ మీకో పాత కథ చెప్పాలి. 1933లో ఫ్రాన్స్‌లో ఆన్రీ మిన్యే అనే ఆయన పూ-దు-సియెల్ అని ఒక చిన్న చెక్క విమానం చేశాడు, ఇంగ్లీషు వాళ్లు ఫ్లయింగ్ ఫ్లీ అన్నారు. పెట్టె చేయడం వచ్చిన ఎవరైనా దీన్ని కట్టొచ్చన్నాడు, జనం నిజంగానే ఇళ్లల్లో కట్టేశారు. కొంతకాలానికి వరసగా ప్రమాదాలు, మనుషులు పోయారు. 1936లో అసలు విమానాన్నే గాలి సొరంగంలో పెట్టి చూస్తే తేలిందేమిటంటే, ముక్కు ఒక హద్దు దాటి కిందికి దిగితే ముందు రెక్కకూ వెనక రెక్కకూ మధ్య గాలి పోయే తీరు మారిపోయి, నడిపే స్టిక్ ఎంత వెనక్కి లాగినా ముక్కు మళ్లీ లేవడం లేదు. అతుకులు గట్టివే, కర్ర మంచిదే, తప్పంతా గీతలో ఉంది. గీసినవాడికే అంతుపట్టని విషయం మీకూ నాకూ షెడ్డులో టేపు పట్టుకుని నిలబడితే తెలుస్తుందా?

లెక్క వేసి చూపిస్తాను. విమానం ఖాళీ బరువు 115 కిలోలు, మీరు 88, పెట్రోలు 14 అనుకుందాం, మొత్తం 217. సీటు 5 సెంటీమీటర్లు వెనక్కి జరిపితే మొత్తం బరువు కేంద్రం 2 సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. రెండే కదా అనుకోకండి. ఇలాంటి చిన్న విమానాల్లో బరువు కేంద్రం అటూ ఇటూ తిరగడానికి ఉండే చోటు చాలావాటిలో పది పదిహేను సెంటీమీటర్లే, అందులో కొంత పెట్రోలుకూ మీ బూట్లకూ చలికోటుకూ పోగా మిగిలింది మీరు తినేశారన్నమాట. వెనక హద్దు దాటితే విమానం ముక్కు పైకెత్తుకుంటూ పోతుంది, స్టాల్ అయ్యాక, అంటే వేగం చాలక రెక్కకు ఎత్తే బలం పోయాక, ముక్కు కిందికి తేవడం కష్టం. కాబట్టి ఆ రంపం కింద పెట్టండి. మీ ఎత్తుకు సరిపోయే డిజైన్ ఎంచుకోండి, కొనేముందు అదే మోడల్ కట్టిన మనిషిని పట్టుకుని అందులో అరగంట కూర్చోండి, బూట్లు వేసుకుని, హెల్మెట్ పెట్టుకుని. పైలట్ బరువు ఎంతవరకు ఉండొచ్చో ప్రతి డిజైనర్ రాసే ఉంటాడు, 88 కిలోలు ఆ అంచులో ఉంటే ఇంకో డిజైన్ చూడండి. పెడళ్లు ముందుకు జరపొచ్చేమో అడగండి, ఆయన సరేనంటే అప్పుడు జరపండి, అదీ రాతపూర్వకంగా.

కిట్టా, ప్లాన్లా? ప్లాన్లు చవకే. కానీ ప్లాన్లు కొన్నవాడు కలప కోసం తిరగాలి, ప్లైవుడ్ కోసం తిరగాలి, ఫిట్టింగులు కోయించుకోవాలి, ఒక్కో బోల్టు కోసం కేటలాగులు తిరగేయాలి, అందులోనే ఏడాది పోతుంది. కిట్ తీసుకుంటే స్పార్‌లకు (రెక్క పొడవునా ఉండే దూలాలు) ఎంచిన కర్ర, రిబ్‌లకు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డ పక్కటెముకలు) చీల్చిన పుల్లలు, ప్లైవుడ్, కొన్నిటిలో వెల్డింగ్ చేసిన ఇనుప ముక్కలు కూడా వచ్చేస్తాయి. మొదటిసారి కడుతున్నారు కాబట్టి కిట్ తీసుకోమనే నా సలహా. కానీ ఆ ధర చూసి ఇదే మొత్తం ఖర్చు అనుకునేరు! అందులో ఏముందో చూసే ముందు ఏం లేదో చూడండి. ఇంజను, ప్రొపెల్లర్, మీటర్లు, గుడ్డ, గుడ్డకు వేసే పూతలు, జిగురు, చక్రాలు, సీటు బెల్టులు, ప్యాకింగ్, రవాణా, ఇవి చాలా కిట్లలో విడిగానే ఉంటాయి. ఓ కాగితం తీసుకుని ఇవన్నీ ఒక్కొక్కటిగా రాసి కూడితే కిట్ ధర అందులో సగం ఉంటే మీ అదృష్టం. ఇంజను ఒక్కటే కిట్ అంత పలకడం మామూలే.

దీనికి మందు ఒకటుంది. చాలామంది కిట్ అమ్మేవాళ్లు విడతలుగా ఇస్తారు, తోక ఒక కిట్టు, రెక్కలు ఒక కిట్టు, ఒళ్లు ఒక కిట్టు. తోక ఒక్కటే కొనండి. చిన్నది, చవకైనది, బల్ల మీద పడుతుంది, కానీ విమానంలో ఉండే పనులన్నీ అందులో ఉన్నాయి. పుల్ల కోయడం, అతికించడం, వంచడం, కీళ్లు బిగించడం, కావాలంటే గుడ్డ చుట్టడం కూడా. నాలుగైదు వారాల్లో మీకే తెలిసిపోతుంది ఈ పని మీదో కాదో. కాదనిపిస్తే తోక డబ్బుతో బయటపడతారు.

చెక్క కిట్లలోనూ రకాలున్నాయి. 1980ల్లో అమెరికాలోని టెనెసీలో వేన్ ఐసన్ గీసిన మినీ-మ్యాక్స్ ఒక దారి, పుల్లలతో చట్రం చేసి దాని మీద పలచటి ప్లైవుడ్ అతికించి పెట్టెలా చేయడం. మీ బీరువా చెయ్యికి అది వెంటనే అలవాటవుతుంది. మైక్ ఫిషర్ డిజైన్లు, ఎఫ్‌పీ-202 కోలా లాంటివి, ఇంకో దారి. అక్కడ ఒంటికి ప్లైవుడ్ రేకు బదులు సన్నటి పుల్లలు ఏటవాలుగా, ఒకదాన్నొకటి దాటుతూ అల్లినట్టుంటాయి, బుట్ట అల్లిక గుర్తొస్తుంది. దాటిన ప్రతిచోటా అతుకు. బరువు తక్కువ, చూడ్డానికి ఎంత బాగుంటుందంటే గుడ్డ కప్పాలంటే మనసు రాదు. కాకపోతే అతుకులు వందల్లో.

అసలు విషయం ఈ అతుకులే. బీరువాలో అతుకు వదిలితే తలుపు వేలాడుతుంది, అంతే, మేకు కొడతారు. ఇక్కడ మేకుకు పనేమీ లేదు. జిగురు ఎండే వరకు పుల్లను పట్టి ఉంచడానికి పిన్నులు కొడతాం, ఎండాక బలమంతా జిగురుదే. మీ బీరువాలకు వాడిన తెల్ల జిగురు ఇక్కడ తీసుకురాకండి, అది బరువు మీద మెల్లమెల్లగా జారుతుంది, వేడికి ఇంకా జారుతుంది. ఇళ్లల్లో కట్టేవాళ్లు ఇప్పుడు ఎక్కువగా వాడేది ఎపాక్సీ, రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు. రిసార్సినాల్ అని ఇంకోటుంది, ముదురు ఎర్రగా ఉంటుంది, తేమకూ వేడికీ చాలా గట్టిది, కానీ అతుకు వెంట్రుకవాసి ఖాళీ లేకుండా కూర్చోవాలి, క్లాంపులు గట్టిగా బిగించాలి. మన షెడ్డు పనితనానికి అది కష్టం. ఎపాక్సీ చిన్న ఖాళీలను నింపుకుంటుంది, గట్టిగా నొక్కక్కర్లేదు, నిజానికి గట్టిగా నొక్కితే జిగురంతా బయటికి వచ్చేసి అతుకులో ఏమీ మిగలదు. దాని బలహీనత వేడి. ఎండలో నిలబెట్టిన ముదురు రంగు రెక్క లోపల ఎంత కాగుతుందో ఊహించండి, చెక్క విమానాలు తెల్లగానో లేత పసుపుగానో ఎందుకుంటాయంటే ఇందుకే. నల్ల రంగు మీద మనసు పడితే ఆ సరదా హెల్మెట్‌తో తీర్చుకోండి.

నా సొంత బాగోతం ఒకటి చెప్తాను. నేను రెక్క రిబ్‌లు చేస్తున్న రోజుల్లో, ఎపాక్సీ డబ్బా మీద రెండు భాగాలూ సమానంగా కలపమని ఉంది. నేను తెలివిగా వంటింటి డిజిటల్ కాటా తెచ్చి గ్రాముల్లో సమానంగా తూచాను, కంటితో కొలిచేకన్నా ఇదే కరెక్టు కదా అని. అక్కడ సమానం అంటే పరిమాణం, బరువు కాదు. రెండు ద్రవాల సాంద్రత వేరు, బరువు సమానం చేస్తే గట్టిపరిచే భాగం దాదాపు ఐదో వంతు ఎక్కువ పడింది. మర్నాడు పైకి అంతా బాగానే ఉంది, మెరుస్తోంది కూడా. గోరు గుచ్చితే మాత్రం దిగింది, రబ్బరులా. అలా ఆ కాటాతో చేసినవి 11 రిబ్‌లు. నన్ను కాపాడింది నా తెలివి కాదు, ప్రతి కలుపుతోనూ ఒక నమూనా ముక్క అతికించి తేదీ రాసి పక్కన పెట్టాలన్న అలవాటు. ఆలస్యంగా విరిచాననుకోండి, అది వేరే సిగ్గు. ఆ పదకొండూ పొయ్యిలోకే పోయాయి. మీ డబ్బా మీద ఏముందో, పరిమాణమా బరువా, ఒకటికొకటా రెండుకొకటా, ముందు అది చదివి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసుకోండి.

ఆ నమూనా ముక్క సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ షెడ్డులో ఇన్‌స్పెక్టర్ అదొక్కటే. అసలు పనికి వాడిన కర్రలోంచే వేలెడు ముక్కలు రెండు తీసుకోండి, అదే కలుపుతో, అదే పూట, అదే చలిలో అతికించండి. ప్లైవుడ్ అయితే దాని పైపొర కార్ఖానాలో నొక్కినప్పుడు నున్నగా గాజులా మారి ఉంటుంది, జిగురు లోపలికి ఇంకదు, శాండ్‌పేపర్‌తో తేలిగ్గా రుద్ది దుమ్ము తుడిచి అప్పుడు పూయాలి. కర్ర కొస వైపు అయితే అది జిగురును స్పాంజిలా తాగేస్తుంది, ఒకసారి పూసి కొన్ని నిమిషాలు ఆగి మళ్లీ పూయాలి. పూర్తిగా గట్టిపడ్డాక ఆ ముక్కను వైస్‌లో బిగించి అతుకు గీత మీద ఉలి పెట్టి సుత్తితో ఒక్కటి వేయండి. విరిగిన చోటు కిటికీ దగ్గరకు తీసుకెళ్లి చూడండి. రెండు ముఖాల మీదా చిరిగిన చెక్క పోగులు కనపడితే కర్ర విరిగింది, జిగురు నిలిచింది, హాయిగా వెళ్లి పడుకోండి. ఒక ముఖం నున్నగా, మెరుస్తూ, పోగన్నది లేకుండా ఊడివస్తే ఆ రోజు చేసినదంతా అనుమానమే. అనుమానం ఉన్న ముక్కను వాడటం కన్నా ఇంకోటి చేయడం తేలిక, ఒక రిబ్ మహా అయితే ఒక సాయంత్రం.

రిబ్ గురించి ఇంకో మాట, ఇది కాస్త ముచ్చట. పలక మీద రిబ్ బొమ్మ అతికించి, గీతల పక్కన చిన్న దిమ్మలు కొట్టి జిగ్ చేస్తారు, కింద మైనపు కాగితం పరుస్తారు జిగురు అంటుకోకుండా. అందులో పుల్లలు ఒక్కొక్కటిగా కూర్చోబెట్టి, కలిసే చోటల్లా బొటనవేలంత ప్లైవుడ్ ముక్కలు అతికిస్తారు. ముక్కు దగ్గర పుల్ల వంగాలి, వేడి నీళ్లలో నానబెట్టి వంచి, ఆరాకే అతికించాలి, తడి కర్రకు ఎపాక్సీ సరిగా పట్టదు. జిగ్ ఒకటే కాబట్టి రోజుకు ఒకటే రిబ్, ఇరవై పైచిలుకు రిబ్‌లు కావాలి. అన్నం తిన్నాక అరగంట. నిన్నటిది తీయడం, ఇవాళ్టిది పెట్టడం. మొత్తం పనిలో నాకు అన్నిటికన్నా నచ్చిన నెల అదే.

కలప మీరే కొంటానన్నారు. కర్ర చూడ్డం వచ్చిన మనిషికి ఇది తప్పు ఆలోచనేం కాదు, కానీ ఫర్నిచర్ చూపుతో చూడకండి. ఫర్నిచర్‌కు మెలికలు తిరిగిన రేఖలు అందం, స్పార్‌కు అదే మరణం. పోగులు పొడవునా నేరుగా పోవాలి, 15 అంగుళాల పొడవుకు ఒక అంగుళం మించి పక్కకు వాలకూడదు. స్ప్రూస్‌కు అయితే అంగుళానికి కనీసం 6 వలయాలు ఉండాలి, అంతకన్నా వెడల్పు వలయాలంటే గబగబా పెరిగిన చెట్టు, బలం చాలదు. ముడులు, బంక గూళ్లు అన్నిటికన్నా నాకు భయం వేసేది నలుగుడు గీత, చెట్టు గాలికి వంగినప్పుడో నేల మీద పడ్డప్పుడో లోపల పోగులు నలిగి, అడ్డంగా వెంట్రుకంత గీత మిగులుతుంది. చిత్రిక పట్టాక పక్కవాటుగా వెలుతురు వేసి చూస్తే తప్ప కనపడదు. అది ఉన్న స్పార్ ఎప్పుడు పటుక్కుమంటుందో చెప్పలేం. డగ్లస్ ఫర్ కర్ర స్ప్రూస్ కన్నా బలమైనదే, కానీ బరువెక్కువ, డిజైనర్ ఒప్పుకున్న చోటే వాడాలి. ప్లైవుడ్ విషయంలో అయితే చర్చే లేదు, విమానాల గ్రేడుదే కొనండి, మామూలు దానిలో లోపలి పొరల్లో ఖాళీలు ఎక్కడున్నాయో మీకు ఎక్స్‌రే కళ్లుంటే తప్ప తెలియదు. మొత్తం మీద ఆదా చేయాలంటే షెడ్డులో బల్ల, జిగ్‌లు, స్టాండ్లు చవక కర్రతో చేసుకోండి, ఎగిరే దాంట్లో వద్దు.

బరువు. అమెరికాలో 1982 నుంచి ఉన్న పార్ట్ 103 అనే రూలు ప్రకారం, ఇంజను ఉన్న ఒంటి సీటు అల్ట్రాలైట్ ఖాళీ బరువు 254 పౌండ్లలోపు, అంటే 115 కిలోల్లోపు ఉండాలి. పెట్రోలు 5 గ్యాలన్లకు మించకూడదు, అంటే 19 లీటర్లు. వేగం 55 నాట్లు (గంటకు 102 కిలోమీటర్లు), స్టాల్ అయ్యే వేగం 24 నాట్లు (44 కిలోమీటర్లు) దాటకూడదు. ఆ గీతలో ఉంటే అక్కడ విమానానికి సర్టిఫికెట్ అక్కర్లేదు, నడిపేవాడికి లైసెన్సూ అక్కర్లేదు. మీరున్న దేశంలో రూలు ఇదే అనుకోకండి, ఒక్కో దేశానిది ఒక్కో లెక్క, కొన్నిచోట్ల గుడ్డ కప్పకముందే ఇన్‌స్పెక్టర్ వచ్చి లోపల చూడాలి. కప్పేశాక తెలిస్తే చింపాల్సిందే. డబ్బు కట్టకముందే మీ విమానయాన శాఖకు రాసి సమాధానం తెప్పించుకోండి.

చట్టం ఏదైనా బరువు మాత్రం దొంగలా దూరుతుంది. ఇక్కడ కాస్త మందం ప్లైవుడ్, అక్కడ కాస్త పెద్ద బోల్టు, “ఎందుకైనా మంచిది” అని ఇంకో బద్దె. బీరువా చేసే చెయ్యికి గట్టిగా చేయడం అలవాటు, దాన్ని మానుకోవడమే మీకు కష్టం. తోకలో అయితే ఇది నాలుగింతలు కొడుతుంది. బరువు కేంద్రానికి 3 మీటర్ల వెనక మీరు అరకిలో అదనంగా పెడితే, దానికి సరితూగడానికి మీటరు ముందు కిలోన్నర పెట్టాలి, అంటే అరకిలో అశ్రద్ధకు విమానం 2 కిలోలు బరువెక్కింది. రంగు సంగతి కూడా అంతే. ఒంటి సీటు విమానంలో గుడ్డ రెండు వైపులా కలిపి 35 చదరపు మీటర్లు అనుకుని, ఎండిన పూత చదరపు మీటరుకు 50 గ్రాములే అనుకున్నా, అదనంగా వేసిన ఒక్క పూత కిలోముప్పావు. అద్దంలా మెరవాలని నాలుగు పూతలు ఎక్కువ వేసిన వాళ్లను చూశాను, విమానం బ్రహ్మాండంగా ఉంటుంది, నేల మీద. చేసిన ప్రతి భాగం తూచి పుస్తకంలో రాయండి (ఆ కాటా ఇక్కడ పనికొస్తుంది).

గుడ్డ చుట్టడం చూసి భయపడతారు గానీ అది తేలిక. పాలిస్టర్ గుడ్డ, అంచులు జిగురుతో అంటించి, ఇస్త్రీ పెట్టెతో వేడి చేస్తే ముడుచుకుని డోలు చర్మంలా బిగుస్తుంది. ఇస్త్రీ పెట్టె మీదున్న కాటన్, సిల్క్ గుర్తులు నమ్మకండి, థర్మామీటరు పెట్టి కొలిచి డయల్ మీద సొంత గీతలు పెట్టుకోండి. వాడే పద్ధతి మాన్యువల్ ఎంత చెబితే అంత, మామూలుగా మొదట 120 డిగ్రీల దగ్గర, చివరికి 175 దగ్గర, దాన్ని దాటితే బిగింపు పోయి వదులవుతుంది, ఇంకా పెంచితే కరిగి బెజ్జమే. సన్నటి పుల్లల చట్రం మీద ఒక్కసారే ఒక వైపు లాగితే చట్రం మెలి తిరుగుతుంది, అటు కొంచెం ఇటు కొంచెం లాగుతూ పోవాలి. ఆ తర్వాత వెండి రంగు పూత మర్చిపోవద్దు, ఎండలోని అతినీల కిరణాలను ఆపేది అదే.

మోటార్‌సైకిల్ ఇంజను గురించి మీరు అడుగుతారని పీటెన్‌పోల్ పేరు రాస్తున్నప్పుడే అనుకున్నాను. ఆయన కారు ఇంజను పెట్టాడు కదా అంటారు. ఆ ఇంజను గజరాజు, నింపాదిగా తిరుగుతూ బలం ఇచ్చేది, ప్రొపెల్లర్ నేరుగా దానికే బిగించాడు. మోటార్‌సైకిల్ ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరిగితే గానీ బలం ఇవ్వదు. ఒకటిన్నర మీటర్ల ప్రొపెల్లర్‌ను ఆ వేగంతో తిప్పితే దాని కొస సెకనుకు 628 మీటర్లు పోవాలి, శబ్దమే 340 దగ్గర ఆగిపోతుంది. కాబట్టి చుట్లు తగ్గించే బెల్టో గేర్లో కావాలి, దాంతో మెలిపెట్టే కంపనాలు, దాంతో విరిగే షాఫ్టులు, ఆ సమస్య తేల్చడానికి ఇంకో మూడేళ్లు. అది సరదాగా ఉండే వాళ్లున్నారు, వాళ్ల మీద నాకు గౌరవమే. మొదటి విమానానికి మాత్రం డిజైనర్ చెప్పిన ఇంజనే పెట్టండి. అది టూ-స్ట్రోక్ అయితే ఎప్పుడో ఒకప్పుడు గాల్లో ఆగుతుందనే లెక్కతోనే ఎగరండి, ఆగినా దిగే చోటు కింద ఎప్పుడూ ఉండేలా చూసుకోండి.

షెడ్డు సరిపోతుంది. రెక్కల మొత్తం వెడల్పు ఏడున్నర నుంచి 9 మీటర్లుంటుంది, కానీ సగం సగంగా కడతారు, ఒక్కో సగం నాలుగు మీటర్లు అటూ ఇటూ, గోడకు వేలాడదీయొచ్చు. బల్ల మాత్రం నిటారుగా, మెలిక లేకుండా ఉండాలి, బల్ల మెలి తిరిగితే రెక్క అదే మెలిక నేర్చుకుంటుంది. తలుపు వెడల్పు ఇప్పుడే కొలవండి. నవ్వకండి, గోడ పగలగొట్టి విమానం బయటికి తీసినవాళ్లున్నారు.

మీ ఆవిడగారి టెన్షన్‌కు మందు మాటలు కాదు. కట్టడం మొదలుపెట్టిన రోజే ఎగరడం నేర్చుకోవడం కూడా మొదలుపెట్టండి, రెండు సీట్ల విమానంలో, పక్కన శిక్షకుడితో, రూలు అడిగినా అడగకపోయినా. అందులోనూ తేలికైన, గాలి నిరోధం ఎక్కువున్న విమానం మీద కొన్ని గంటలు తప్పనిసరి. బరువైన విమానంలో ఇంజను ఆగితే ఆలోచించుకోవడానికి కొన్ని సెకన్లుంటాయి. ఇలాంటి గాలిపటంలో వేగం అప్పటికప్పుడే పడిపోతుంది, చెయ్యి ఆలోచించకుండా స్టిక్ ముందుకు తోయాలి. అది అలవాటు కావాలంటే ఒక్కటే దారి, మళ్లీ మళ్లీ చేయడం. మొదటి ఎగురుడు మీ విమానానికీ మీకూ ఒకే రోజు కాకూడదు, అలాంటి వాటిలో అనుభవం ఉన్న మనిషి ముందు ఎగరేసి చూస్తే మేలు. విమానాన్ని మొత్తంగా కిందికి దించే పారాచూట్ కూడా ఉంది, అమెరికా రూలులో దానికి బరువు లెక్కలోంచి 24 పౌండ్ల మినహాయింపు కూడా ఇస్తారు. డబ్బుకు కటకటగా ఉంటే రంగులో తగ్గించుకోండి, దీనిలో కాదు. ఇంకోటి, నమూనా ముక్కలు విరిచేటప్పుడు ఆవిడగారిని పిలవండి. సుత్తి ఆవిడ చేతికే ఇవ్వండి.

తోక కిట్ ఆర్డర్ పెట్టండి, జిగురు రెండు చిన్న డబ్బాలు, పెద్దవి వద్దు, పాతబడతాయి. చుక్కాని చట్రం చేసే ముందే ఓ అరడజను ముక్కలు అతికించి విరిచి, విరిగిన ముఖాలు కనపడేలా ఫొటో తీసి నాకు పంపండి. రెండు వైపులా పోగులు లేచి ఉంటే రెక్కల కిట్ గురించి అప్పుడు రాస్తాను.